జోసెట్ దాచుకున్న మాట

మాంగ్ సరస్సు ఒడ్డున జోసెట్ చేతి రొట్టె తినకుండా పెరిగిన వాళ్లు లేరు. చలికాలం మొదలయ్యేసరికి ఎవరి పిల్లాడి కాళ్లకు సరైన తొడుగులు లేవో అందరికంటే ముందు ఆమెకే తెలిసేది. మూస్ అనే పెద్ద దుప్పి తోలు గీకి, పొగబెట్టి, కుట్టి, పైన పూసలు అల్లి, ఆ పిల్లాడి తల్లి చేతిలో పడేసి, "ఊరికే ఓ మూల పడున్నాయి, తీసుకుపో" అని విసుక్కుంటూ వెళ్లిపోయేది. పెట్టడంలో ఆమెది ఎముక లేని చెయ్యి. కానీ ఒక్క మాట మాత్రం ఆమె నోట ఎవరూ వినలేదు. కన్న కూతురు లెనోర్ వినలేదు. మనవరాలు షేలీన్ వినలేదు. ఆ ఇంట్లో ఆ మాట కరువైపోవడానికి ఆమె భర్త ఆంబ్రోస్ మాత్రం కారణం కాదు. అతను పొద్దున లేస్తూనే అనేవాడు.

"గిజాగిఇన్, ముసలీ."

నువ్వంటే నాకు ప్రాణం, అని. ఆమె పొయ్యిలో కట్టె తోస్తూ వెనక్కి తిరక్కుండా జవాబిచ్చేది.

"టీ చల్లారిపోతోంది, తాగు."

"పెళ్లైన దగ్గర్నుంచీ చల్లారిపోతూనే ఉంది నీ టీ. ఒక్కసారి నువ్వూ అనరాదూ? నోరేం అరిగిపోదు."

"నీలాగా నాది ఊరుమ్మడి నోరు కాదు."

ఆంబ్రోస్ నవ్వి టీ తాగేవాడు. ఆమె ఎందుకు అనదో అతనికి తెలుసు. తెలిసీ అడిగేవాడు. పుండు మానిందేమో అని రోజూ కట్టు విప్పి చూసే వైద్యుడి పద్ధతి అది.

ఆ పుండు చిన్ననాటిది. సర్కారు వాళ్లు పిల్లల్ని పడవలెక్కించి దూరాన ఉన్న బడికి పట్టుకుపోయిన రోజుల్లో, జోసెట్‌తో పాటు ఆమె చెల్లెల్నీ తీసుకుపోయారు. రిజిస్టర్లో ఆ పిల్ల పేరు ఫిలొమెన్. ఇంట్లో అందరికీ పిట్ట. బళ్లో అక్కనూ చెల్లెల్నీ వేర్వేరు గదుల్లో పడుకోబెట్టేవాళ్లు. సొంత భాషలో నోరెత్తితే దెబ్బలు. ఒకసారి తడి దుప్పట్ల బుట్ట మోసుకుపోతున్న జోసెట్‌కు నడవలో పిట్ట ఎదురైంది. దగ్గుతోంది, ముఖం పీక్కుపోయింది. చుట్టూ ఎవరూ లేరనుకుని జోసెట్ వంగి దాని చెవిలో గిజాగిఇన్ అంది. ఇంటి నుంచి వచ్చాక సొంత భాషలో పిట్ట విన్న మొదటి మాట అది. పాపం, సంతోషం పట్టలేకపోయింది. "గిజాగిఇన్, అక్కా!" అని గొంతెత్తి అరిచింది. ఆ కేక వంటగది దాకా వినబడింది. బడి పెద్దావిడ వచ్చి పిట్టను రెక్క పట్టుకుని లాక్కుపోయి, బంగాళాదుంపలు దాచే నేలమాళిగలో పెట్టి గొళ్లెం వేసింది. బయటికి తెచ్చేసరికి దగ్గు రొమ్ములోకి దిగింది. సరస్సు మీద మంచు కరగకముందే పిట్ట పోయింది. చివరి చూపుకి కూడా అక్కను రానివ్వలేదు.

పెళ్లయ్యాక పుట్టిన మొదటి బిడ్డను గుండెకు హత్తుకుని, మురిపెం ఆపుకోలేక జోసెట్ ఆ మాట మళ్లీ అంది. ఆ చలికాలంలోనే ఒక తెల్లవారుజామున ఉయ్యాల్లో బిడ్డ చల్లగా దొరికాడు. ఒకసారైతే రాత అనుకోవచ్చు. రెండోసారి జరిగాక జోసెట్‌కు ఇంక అనుమానం లేదు. తను ఎవర్ని ఆ మాటతో తాకుతుందో వాళ్లను ఏదో వచ్చి ఎత్తుకుపోతుంది. అప్పట్నుంచి ఆమె మాటను గొంతులో పాతిపెట్టి, మిగతా పనంతా చేతులకు అప్పగించింది.

లెనోర్ పుట్టినా, పెరిగినా, జ్వరపడినా, చేతులే పనిచేశాయి. పద్దెనిమిదేళ్లకే లెనోర్ థండర్ బే పట్నానికి వెళ్లిపోయింది. వెళ్తూ గుమ్మంలో నిలబడి, "అమ్మా, నీకు నేనంటే ఇష్టం లేదని చిన్నప్పుడే అర్థమైందిలే" అంది. జోసెట్ ఆమె సంచిలో ఇంకో రొట్టె కుక్కింది.

లెనోర్ కూతురు షేలీన్ మాత్రం తిరిగొచ్చింది. తాత భాష నేర్చుకుని, ఊరి హాల్లో కుర్రకారుకు నేర్పడం మొదలుపెట్టింది. ఆ శీతాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం ఫోను పట్టుకుని అమ్మమ్మ వంటింట్లోకి వచ్చి కూర్చుంది.

"అమ్మమ్మా, మా వాళ్లకి చేప వచ్చు, కట్టెలు వచ్చు, కూర్చో, లే, నోర్ముయ్ అన్నీ వచ్చు. నిన్న ఒకడు లేచి, 'అమ్మాయికి ఇష్టం చెప్పాలంటే ఎలా, చేపతో మొదలెట్టాలా?' అన్నాడు. హాలంతా ఒకటే గోల."

"చేపతోనే మొదలెట్టమను. మీ తాత అంతే చేశాడు. మా నాన్న గుమ్మంలో ఇంతెత్తు చేప పడేసి పారిపోయాడు."

షేలీన్ పడీపడీ నవ్వింది. తర్వాత ఫోనులో రికార్డింగ్ నొక్కి బల్ల మీద పెట్టి బతిమాలింది.

"నువ్వు ఒక్కసారి పలికితే చాలు. నాది సరిగ్గా రావట్లేదు. నీలాంటి పెద్దవాళ్ల గొంతు వాళ్లు వినాలి."

"తాతని అడుగు. రోజూ వాగుతాడు."

"తాతది రికార్డ్ చేశాను, మధ్యలో నవ్వేస్తాడు. పోనీ వద్దులే. నేనే నేర్పుతాను." షేలీన్ తనకు తానే పాఠం చెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టింది. "చూడు, ఇందులో నాకు నచ్చిందేంటో తెలుసా? మన మాటలో 'నువ్వు' ముందొస్తుంది, ఆ 'గి' అంటే నువ్వే. ప్రేమించేది నేనే అయినా సరే, మొదట నువ్వు, తర్వాతే నేను. ఎంత బాగుంది! గిజాగిన్."

జోసెట్ పిండి కలుపుతోంది. చెవికి ఆ పలుకు రాయి తగిలినట్టు తగిలింది.

"గిజాగిన్ ఏంటే, ముక్కు చీదినట్టు."

"మరెలా?"

"మధ్యలో గొంతు ఒక్క క్షణం ఆగాలి. గుమ్మం దగ్గర ఆగి లోపలికి అడుగేసినట్టు. గిజాగి... ఇన్."

అంటూ తల ఎత్తింది. కిటికీ అవతల ఆంబ్రోస్ మంచు గునపానికి పదును పెడుతున్నాడు. అతను కూడా అప్పుడే తలెత్తి, కిటికీలో భార్యను చూసి చెయ్యి ఊపాడు. మాట ఆమె నోట్లోంచి వెళ్లిపోయింది, చూపు అతని మీద ఉంది.

జోసెట్ చేతులు పిండిలోనే ఉండిపోయాయి.

"అమ్మమ్మా? ఏమైంది? ముఖం అలా పాలిపోయిందేంటి?"

"అది చెరిపెయ్."

"ఎంత బాగా పలికావో..."

"చెరిపెయ్యమన్నానా!"

షేలీన్ చెరిపేసింది. కానీ ఫోనులో చెరిపితే గాల్లో చెరిగిపోతుందా? జోసెట్ ఆ సాయంత్రం పొగాకు గుప్పెట పట్టుకుని ఒడ్డుకు వెళ్లి, నీళ్లు గడ్డకట్టని చోట మొక్కుగా వదిలి, "ఆ మాట అతనికి కాదు. పిల్లకు పాఠం చెప్పాను, అంతే" అని నెమ్మదిగా చెప్పుకుంది. సరస్సు ఏమీ అనలేదు. కాస్త దూరంలో మంచు లోపల్నుంచి ఒక మూలుగు మొదలై, ఒడ్డు వెంబడి సాగి, జలసంధి వైపు వెళ్లి ఆగిపోయింది. మంచు గట్టిపడేటప్పుడు అలా మూలగడం మామూలే. పుట్టినప్పట్నుంచీ వింటున్న చప్పుడే. ఆ రోజు మాత్రం ఆమె వెనక్కి చూడకుండా ఇంటికి నడిచింది.

మర్నాడు పట్టపగలు గుడ్లగూబ వచ్చి వలల కొట్టం మీద వాలింది. ఎండలో కళ్లు మూసుకుని, ఎవరి కోసమో కూర్చున్నట్టు కూర్చుంది. జోసెట్ కట్టె విసిరింది. అది ఎగిరి మంచు మీద నడిచే ఆంబ్రోస్ మోటారు బండి, స్నోమొబైల్ మీదకు మారింది.

"దానికేం తెలుసే పాపం, ఎలక కోసం వచ్చుంటుంది" అన్నాడు ఆంబ్రోస్.

"ఎలకలు మనింట్లో లేవా? అక్కడే ఎందుకు కూర్చోవాలి?"

"నా బండి నచ్చిందేమో. నీకెలాగూ నచ్చదు."

అతను నవ్వాడు గానీ, ఆమె నవ్వలేదు. ఆ వారం వాతావరణం కూడా పిచ్చెక్కినట్టు ప్రవర్తించింది. గడ్డకట్టాల్సిన రోజుల్లో వెచ్చబడింది. లేత మంచు మీద దూదిలా హిమం పడి, దుప్పటి కప్పినట్టు కప్పేసింది. పైకి చూస్తే తెల్లగా, సాపుగా, పాపం ఎరగనట్టు ఉంది. కింద ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ కుళ్లిందో కనబడదు. జలసంధికి అవతల, ప్రవాహం లాగే చోటుకు దగ్గరలోనే, మంచు కింద వేసిన ఆంబ్రోస్ వల ఉంది.

జోసెట్ ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం పట్టింది. వచ్చేదేదో ప్రేమ వాసన పట్టి వస్తుంది కదా, ఆ వాసనే లేకుండా చేస్తే? ఆ రోజు నుంచి ఆంబ్రోస్‌తో ఈసడింపుగా మాట్లాడటం మొదలుపెట్టింది. చేప మాడిందని అతన్ని తిట్టింది, తను మాడ్చినా సరే. అతని దగ్గుకు విసుక్కుంది. పొద్దున అతను గిజాగిఇన్ అంటే, "నీ గొంతు వింటేనే తలనొప్పి" అంది. అంటూనే గోడల వైపు, కిటికీ వైపు, ఎవరైనా వింటున్నారా అన్నట్టు చూసేది. స్నోమొబైల్ తాళంచెవి పిండి డబ్బాలో దాచేసింది.

ఆంబ్రోస్ మొదట సరదా అనుకున్నాడు. తర్వాత అతని నవ్వు తగ్గింది.

ఒక ఉదయం అతను బూట్లు తొడుక్కుంటూ అన్నాడు. "వల ఎత్తాలి. చాలా రోజులైంది. చేపలు వలలో కుళ్లితే పాపం. మన కోసం వచ్చినవాటిని పాడుచేస్తే మళ్లీ ముఖం చూపిస్తాయా?"

"షేలీన్ సాయంత్రం వస్తుంది. ఇద్దరూ కలిసి మంచు చూసుకుంటూ వెళ్లండి."

"నేను పుట్టింది ఈ మంచు మీద. తాళం ఎక్కడ?"

"నాకేం తెలుసు?"

"ముసలీ, తాళం ఇవ్వు."

ఆమె అతని ముందు నిలబడింది. ఇప్పుడు మెత్తగా మాట్లాడితే, చెయ్యి పట్టుకుంటే, వద్దని బతిమాలితే అతను ఆగిపోతాడు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. కానీ మెత్తదనం చూపిస్తే అది పసిగడుతుంది. అందుకని పళ్లు బిగించి అంది.

"నీ మొహం చూసీ చూసీ విసుగొచ్చింది. రోజంతా ఇంట్లో కూర్చుని వాగే ముసలాణ్ని ఎంతకాలం భరించాలి నేను?"

అనేసరికి ఆంబ్రోస్ బూటు తాడు కట్టడం ఆపాడు. అతని ముఖంలో ఏదో దీపం ఆరినట్టయింది.

"సరే" అన్నాడు. "చూడొద్దులే."

గునపం, మంచు మీద ఈడ్చే చెక్క బండి తీసుకుని నడిచే వెళ్లిపోయాడు. గుమ్మం దగ్గర ఎప్పుడూ అనే మాట ఆ రోజు అనలేదు.

జోసెట్ కిటికీ దగ్గరే నిలబడిపోయింది. తెల్లటి సరస్సు మీద నల్లటి చుక్క చిన్నదవుతూ పోయింది. అడుగడుక్కీ గునపంతో కొట్టి చూసుకుంటూ వెళ్లే మనిషి, ఆ రోజు తల వంచుకుని, కోపంగా, గబగబా నడుస్తున్నాడు. "కొట్టి చూడు, కొట్టి చూడవయ్యా" అని గాజుకు ముఖం ఆనించి గొణిగింది. జలసంధి దాటాక చుక్క ఆగింది. తర్వాత లేదు.

కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. బండి కనబడుతోంది, మనిషి లేడు.

షేలీన్‌కు ఫోన్ చేసినప్పుడు ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినబడింది. "మీ తాత నీళ్లలో పడ్డాడు. జలసంధి అవతల. పక్కింటి బాసిల్‌ని పిలు. పడవ తీసుకురండి, తాడు తీసుకురండి." ఫోన్ ఎక్కడ పడేసిందో తెలియదు. కొట్టంలోంచి మంచు కింద వల తాడు నడిపే పొడవాటి కర్ర లాక్కుని, కోటు గుండీలు కూడా పెట్టుకోకుండా మంచు మీదకు దిగింది.

అతని అడుగుల జాడలోనే వెళ్లింది. అతన్ని మోసిన మంచు తననూ మోస్తుందని. దగ్గరకు వచ్చేసరికి కాళ్ల కింద మంచు రంగు మారింది, బూడిద రంగు. ఆమె బోర్లా పడుకుని, కర్రను ముందు పెట్టుకుని పాకింది. పొట్ట కింద నీళ్లు కదులుతున్న చప్పుడు వినబడుతోంది.

ఆంబ్రోస్ రొమ్ము దాకా నీళ్లలో ఉన్నాడు. ముందుకు చాపిన రెండు చేతులూ మంచు మీద ఉన్నాయి. తడిసిన కోటు చేతులు మంచుకు అతుక్కుపోయేదాకా కదలకుండా పెట్టి ఉంచాడు, పాత జాలరి కదా. మీసాలు తెల్లగా గడ్డకట్టాయి.

"నా మొహం చూడలేనన్నావు" అన్నాడు పళ్లు కొట్టుకుంటూ. "మళ్లీ ఎందుకొచ్చావు?"

"నోర్ముయ్. కర్ర పట్టుకో."

"వేళ్లు లేవు. అంటే, ఉన్నాయి. నా మాట వినట్లేదు, నీలాగే."

"షేలీన్ వస్తోంది. బాసిల్ వస్తున్నాడు. పడవ తెస్తున్నారు. కళ్లు మూయకు."

అతను కళ్లు మూశాడు. ఆమె కర్రతో అతని భుజం మీద పొడిచింది.

"మూయొద్దన్నానా!"

"నిద్రొస్తోందే. వెచ్చగా ఉంది."

మంచులో చచ్చేవాళ్లకు చివర్లో వెచ్చగా ఉంటుందని ఆ ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కింద నీళ్లు చప్పరిస్తున్నట్టు చిన్న చప్పుడు చేస్తున్నాయి. తను వారం రోజులుగా ఎవరికి భయపడిందో అది ఇప్పుడు తన పొట్ట కిందే, ఒక్క మంచు పలక అవతల ఉంది.

ఆంబ్రోస్ కళ్లు సగం తెరిచాడు. నవ్వబోయాడు. "ఒక్కసారి అనవే. ఇప్పుడైనా. విని పోతాను."

మాట గొంతు దాకా వచ్చింది. అంటే అతను విని, తృప్తిపడి, చేతులు వదిలేస్తాడు. ఆమెకు అది కళ్లకు కట్టినట్టు కనబడింది.

"అనను" అంది. "చచ్చేవాడికి నేనెందుకు అంటాను? బయటికి రా. ఇంటికి రా. పొయ్యి పక్కన కూర్చో. అప్పుడంటాను."

"అబద్ధం."

"పిట్ట మీద ఒట్టు."

ఆంబ్రోస్ కళ్లు పూర్తిగా తెరిచాడు. పిట్ట పేరు ఆమె నోట అతను పెళ్లైన కొత్తలో విన్నాడు, ఆ తర్వాత వినలేదు. 

"ఒట్టేశావ్" అన్నాడు. "చూస్తాను. మోసం చేస్తే ఊరుకోను."

"ఊరుకోకు. నన్ను తిట్టు. మా నాన్న గుమ్మంలో పడేసిన చేప గురించి చెప్పు. అది నువ్వు పట్టింది కాదట కదా, మీ అన్న పట్టాడట."

"ఎవడన్నాడు?" అతని గొంతులో కాస్త వేడి పుట్టింది. "నేనే పట్టాను. వాడు తాడు... తాడు పట్టుకున్నాడంతే."

"మీ అన్నే చెప్పాడు."

"దొంగ వెధవ."

అలా అతన్ని రెచ్చగొడుతూ, తిడుతూ, తిట్టించుకుంటూ ఆమె పట్టి ఉంచింది. మంచు ఒకసారి పెళ్లుమని, ఆమె మోచేతి దగ్గర గీత పడింది. ఆమె కదల్లేదు. ఎట్టకేలకు వెనకనుంచి మంచు మీద పడవ ఈడుస్తున్న చప్పుడు వినబడింది. షేలీన్, బాసిల్ చెరో పక్కా పట్టుకుని పడవను తోసుకొస్తున్నారు. అతుక్కున్న కోటు చేతుల్ని కత్తితో కోసి, చంకల కింద తాడు వేసి లాగారు. ఆంబ్రోస్ తడి మొద్దులా పడవలోకి దొర్లాడు.

ఊళ్లోని చిన్న వైద్యశాల, నర్సింగ్ స్టేషన్‌లో డాక్టరు వచ్చి రెండు కాలి వేళ్లు తీసేశాడు. పెద్దాసుపత్రికి విమానంలో పంపుతామంటే ఆంబ్రోస్ ససేమిరా అన్నాడు. "ఇంటి దగ్గర నాకో పని మిగిలుంది" అన్నాడు. కొన్నాళ్లకు ఇంటికి తెచ్చి పొయ్యి పక్కన మంచం వేశారు. షేలీన్ కూడా అక్కడే ఉండిపోయింది.

ఆంబ్రోస్ తలగడకు ఆనుకుని, చేతులు కట్టుకుని, భార్య వైపు చూశాడు. "ఊఁ. పొయ్యి పక్కనే కూర్చున్నాను."

జోసెట్ ఎటో చూసింది. "ఇంకా కోలుకోలేదు నువ్వు."

"ముసలీ, ఇలా రా." అతని గొంతులో ఎగతాళి లేదు. "ఆ ఫోను సంగతి షేలీన్ చెప్పింది, ఆ వారమంతా నన్నెందుకు అలా అన్నావో అప్పుడు అర్థమైంది. నేను ఒకటి అడుగుతాను. నన్ను నీళ్లలో పడేసిందెవరు? కోపంలో గునపం కొట్టకుండా నడిచాను కాబట్టి పడ్డాను. నువ్వన్న మాటకు కాదు, దాచుకున్న మాటకు పడ్డాను."

ఆమె పిండి కలుపుతూనే ఉంది.

"పిట్టను నీ మాట చంపలేదు. నేలమాళిగ చంపింది. గొళ్లెం వేసిన చెయ్యి చంపింది. వాళ్ల పాపం ఇన్నేళ్లు నువ్వెందుకు మోస్తావు?"

"బిడ్డ సంగతో?" అంది జోసెట్. ఆ ప్రశ్న ఆమె ఎవర్నీ అడగలేదు అంతవరకు.

ఆంబ్రోస్ పొయ్యి వైపు తిరిగాడు. "అది నాకు తెలియదు" అన్నాడు. "బిడ్డ ఎందుకు పోయాడో నాకూ తెలియదు. కానీ నేను రోజూ చెప్పేవాణ్ని వాడికి, నీకంటే ఎక్కువే. చంపితే నా మాటే చంపి ఉండాలి."

జోసెట్ మంచం మీద కూర్చుంది. పిండి అంటిన చెయ్యి అతని చెయ్యి మీద వేసింది. బయట వెలుతురు ఉంది, మంచు మీద ఎండ కొడుతోంది.

"గిజాగిఇన్" అంది.

ఆంబ్రోస్ ఏదో జోకు వెయ్యబోయి వెయ్యలేకపోయాడు. కండువాతో ముఖం కప్పుకున్నాడు.

మర్నాటికి అతనికి జ్వరం వచ్చింది. రొమ్ములో పిల్లికూతలు మొదలయ్యాయి.

షేలీన్ నర్సుకు ఫోన్ చేసి వచ్చేసరికి జోసెట్ గోడకు ఆనుకుని నిలబడి ఉంది, మొద్దుబారినట్టు. "చూశావా" అంది. "చూశావా, నేనన్నాను, వచ్చేసింది."

"అమ్మమ్మా, చన్నీళ్లలో అంతసేపు ఉన్న మనిషికి జ్వరం రాకపోతే వింత!"

జోసెట్ ఆ మాట విందో లేదో. తలుపు దాకా వెళ్లింది. మళ్లీ అతన్ని తిట్టాలా, దూరంగా పోవాలా, మాట వెనక్కి తీసుకోవాలా, పొగాకు పట్టుకుని ఒడ్డుకు పరిగెత్తాలా? తలుపు పిడి మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. నడవలో పిట్ట ముఖం గుర్తొచ్చింది. ఇన్నేళ్లూ ఆమె ఆ కేకనే తలుచుకుంది, ఆ తర్వాత వచ్చిన అడుగుల చప్పుడునే తలుచుకుంది. కేకకు ముందు ఆ పిల్ల ముఖం ఎలా వెలిగిందో తలుచుకోవడానికి ధైర్యం చాల్లేదు. ఇప్పుడు తలుచుకుంది.

పిడి వదిలేసి వచ్చి మంచం పక్కన కూర్చుంది. "పట్టుకుపోతే పట్టుకుపోనీ" అంది షేలీన్‌తో. "వింటూ పోతాడు." జ్వరం ఉన్నన్నాళ్లూ గుడ్డ తడిపి నుదుట వేసినప్పుడల్లా, అడవి బియ్యం గంజి పట్టినప్పుడల్లా అంది. మొదట్లో ఆ మాటకు ముందు ఊపిరి బిగబట్టేది, అన్నాక తలుపు వైపు చూసేది. నర్సు వచ్చి మందులు మార్చింది. గుడ్లగూబ కొట్టం మీదకు మళ్లీ వచ్చి వెళ్లింది. ఆమె కట్టె విసరలేదు.

జ్వరం ఒక పొద్దున దిగింది. ఆంబ్రోస్ కళ్లు తెరిచి, నోరు తడి చేసుకుని, "ఎన్నిసార్లు అన్నావే, చెవులు హోరెత్తిపోయాయి" అన్నాడు. 

ఆ రోజే జోసెట్ షేలీన్ ఫోను అడిగి తీసుకుంది. లెనోర్ నంబరు నొక్కమంది.

"అమ్మా?" అంది లెనోర్ అవతల్నుంచి. తల్లి తనంతట తాను ఫోన్ చేయడం ఆమె ఎరగదు.

"తిన్నావా?"

"తిన్నాను. నాన్న ఎలా ఉన్నాడు?"

"బానే ఉన్నాడు, తిడుతున్నాడు. లెనోర్..." జోసెట్ ఆగింది, గుమ్మం దగ్గర ఆగినట్టు. "గిజాగిఇన్."

అవతల్నుంచి ఏడుపు గొంతు. "అమ్మా, ఏమైంది? నిజం చెప్పు, నాన్న పోయాడా? నీకేమైనా చెప్పారా డాక్టర్లు? నేను బయల్దేరుతున్నాను, ఇప్పుడే బయల్దేరుతున్నాను!"

"ఎవరూ పోలేదే పిచ్చిదానా! రోడ్లన్నీ జారుడుగా ఉన్నాయి, ఇప్పుడు రాకు!"

మంచం మీద ఆంబ్రోస్ దగ్గేంతగా నవ్వాడు. లెనోర్ ఎవరి మాటా వినలేదు, మంచు రోడ్డు మీద ఆ రోజే కారెక్కింది. ఆమె వచ్చేదాకా జోసెట్ నిలబడిన చోట నిలబడలేదు. గాలికి తలుపు కొట్టుకున్నా ఉలిక్కిపడింది. చీకటి పడుతుండగా కారు దీపాలు చెట్ల మధ్య కనబడ్డాక, కోటు కూడా వేసుకోకుండా బయటికి పరిగెత్తింది.

ఆ తర్వాత రోజూ పొద్దున ఆంబ్రోస్ అనేవాడు, ఆమె తిరిగి అనేది. అన్న ప్రతిసారీ మధ్యాహ్నం దాకా ఆమె లోపల ఏదో చెవులు రిక్కించుకుని కూర్చునేది. అది పూర్తిగా ఎన్నడూ పోలేదు. చలికాలం చివర్లో ఒకరోజు మాత్రం భోజనాల వేళ దాటాక, చేపను శుభ్రం చేస్తూ ఆమె ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఏంటే?" అన్నాడు ఆంబ్రోస్.

"ఈ పొద్దున భయపడటం మర్చిపోయాను."

"అమ్మో! అయితే ఇప్పుడు భయపడు."

ఆమె చేప తోక అతని మీద విసిరింది. అప్పుడే సరస్సు మీద, జలసంధి వైపు, మంచు పెద్దగా మూలిగింది. ఇద్దరూ మాటలాపి విన్నారు. ఆ చప్పుడు సాగి సాగి ఒడ్డు దాకా వచ్చి ఆగిపోయింది. జోసెట్ లేచి తలుపు గడియ చూసి వచ్చి, మిగిలిన చేపను ముందుకు లాక్కుంది.